చెప్పుల మీద కన్ను, చంద్రుడి మీద పాఠం

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో బంద్ లేని వారం వస్తే మాకే వింతగా ఉండేది. తెలంగాణ ఉద్యమం మంచి జోరు మీదుంది. తెనాలి నుంచి ఫిజిక్స్ డిగ్రీ, నాలుగు చీరలు, బోలెడంత గర్వం మోసుకొచ్చిన నేను చైతన్యపురిలో హాస్టల్లో దిగి, ఒక కోచింగ్ సెంటర్లో డెమో క్లాసు కోసం కూర్చున్నాను. బంద్‌ల పుణ్యమా అని అది మూడుసార్లు వాయిదా పడింది. అందులో నెగ్గితే ఉద్యోగం, లేకపోతే తెనాలి బస్సు. ఇచ్చిన పాఠం చిన్నదే: చంద్రుడు మనకెప్పుడూ ఒకే ముఖం ఎందుకు చూపిస్తాడు? తన చుట్టూ తాను తిరుగుతూనే చూపిస్తాడని పుస్తకం. తిరిగితే వీపు కనపడాలి కదా అని నేను. (పుస్తకంతో పోట్లాడి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.)

నా గదిలో ఉండే సూర్యాపేట అక్క ఎల్బీనగర్‌లో నర్సు. డెమో ముందురోజు సాయంత్రం నా గొణుగుడు భరించలేక, "ఇగ చాలు పిల్లా, లే. రోడ్డు మీద బతుకమ్మ ఆడుతున్నరు, పోదాం పా" అంది. పండగ కాకపోయినా ఉద్యమం కోసం అప్పట్లో అలా ఆడేవారు.

"నా యాస వింటే ఊరుకుంటారా అక్కా?"

"చప్పట్లకు యాస ఉంటదా ఏంది? నడువ్."

నా అసలు దిగులు చెప్పుల గురించి. డెమో కోసం ముందురోజే కొన్నాను. హాస్టల్ గేటు దగ్గర విడిచి, రోడ్డుకు అవతలి పక్కన వరసలో చేరాను. అందరూ మధ్యలో పూలతో పేర్చిన బతుకమ్మ వైపు తిరిగి అడుగులేస్తుంటే, నేను మాత్రం ముఖం గేటు వైపే పెట్టి పీతలా నడిచాను. మొదట బతుకమ్మా గేటూ ఒకే వైపున్నాయి కనుక బాగానే సాగింది. అరచుట్టు వేసి గేటు పక్కకొచ్చేసరికి నా వీపు బతుకమ్మకు. ఒక పెద్దావిడ నా భుజాలు పట్టుకుని, "బతుకమ్మకు వీపు చూపెడతవేంది బిడ్డా? జర తిరుక్కుంట నడువు" అంది.

అక్కడే ఆగిపోయాను. తిరగనందుకే కదా వీపు కనపడింది. చంద్రుడైనా అంతే, ఒక చుట్టు పూర్తయ్యేలోపు తానూ సరిగ్గా ఒకసారి తిరిగితేనే ఒకే ముఖం కనపడుతుంది. ఆ ఆనందంలో గేటు మాటే మరిచి ఆడాను. ఆట ముగిశాక చూస్తే చెప్పులు లేవు. అక్క కడుపు పట్టుకుని నవ్వి, తనవి విడిచి నా ముందు పెట్టింది. "తొడుక్కో. పాఠం చెప్పేటోళ్లు ఉత్త కాళ్లతోని పోతరా?"

మర్నాడు ఒక సైజు పెద్ద చెప్పులు టపటపలాడిస్తూ, చప్పట్లు కొడుతూ, ముఖం కుర్చీ వైపే ఉంచి దాని చుట్టూ తిరిగాను. భూమి ఆకర్షణే కోట్ల ఏళ్లలో చంద్రుడికి ఈ నడక అలవాటు చేసిందని చెప్పి ముగించాను. వెనక బెంచీల వాళ్లు తాళం వేశారు. ఉద్యోగం వచ్చింది.

కొన్నాళ్లకు అక్క సొంతూళ్లో పని దొరికి వెళ్లిపోయింది. తర్వాత నంబరు మారింది. ఆ రోడ్డు మీద ఇప్పుడు మెట్రో పోతోంది, పాఠాలు చెప్పడానికి నేను అందులోనే వెళ్తున్నాను. కిటికీలోంచి చంద్రుడు కనపడితే అక్కను చూడాలనిపిస్తుంది. తనకు ఉన్నది ఆ ఒక్క జతే. డెమో రోజున డ్యూటీకి ఏం తొడుక్కుని వెళ్లిందో నేను అడగనేలేదు. చెప్పుల మీద అంత కన్నేసిన పిల్లకు అక్క కాళ్లు మాత్రం కనపడలేదు.