నేను చెరిపింది పాస్‌వర్డ్ ఒక్కటే

మా ఆఫీసు పెద్ద గుమాస్తా గారు పోయారని పోయిన నెల ఒక సోమవారం పొద్దున్న వాట్సాప్ గ్రూపులో చూశాను. గుండెపోటట. రిటైరై ఏడాది కూడా కాలేదు. ఆ కబురు కింద వరుసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. నేనూ ఒకటి పెట్టబోయి ఆగిపోయాను. ఆయనకు నేను చేసిన పనికి ఆ బొమ్మ పెట్టే ముఖం నాకు లేదు. ఆ పనేమిటో మీకు చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

మాది విశాఖ పోర్టు దగ్గర ఓడల సరుకు వ్యవహారాలు చూసే చిన్న కంపెనీ. కంప్యూటర్ల భద్రత నా ఉద్యోగం. సెలవు చీటీలు, మందుల బిల్లులు ఆయన పని. చేరిన కొత్తలో నాకు ఆఫీసు నడక నేర్పింది ఆయనే. అందరం గురువుగారూ అనే పిలిచేవాళ్లం.

ఎవరి మందుల బిల్లు వచ్చినా కవర్లో పెట్టి, తనే జిగురు రాసి అంటించి పైకి పంపేవారు. అలా చెయ్యమని ఆయనకెవరూ చెప్పలేదు. ఫలానావాడు పది రోజులుగా ఎందుకు రావడం లేదని ఎవరైనా ఆరా తీస్తే, "సెలవెట్టినాడు. సెలవంటే సెలవే, మరేటుంతాది?" అనేవారు. మేనేజరు అడిగినా అదే జవాబు. ఒకసారి నేను జ్వరమని రాసిచ్చి మధురవాడలో ఓ ఐటీ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లాను. తిరిగొచ్చాక దగ్గరికి పిలిచి, "జొరం తగ్గిందా బాబూ? ఇంతకీ ఉజ్జోగం వొచ్చిందా, నేదా?" అని మెల్లగా అడిగి నవ్వారు. "మనిసి సీటీ రాసి మన సేతికిచ్చినాడంటే నమ్మి ఇచ్చినాడు. అది ఈ బల్ల దాటకూడదు" అన్నారు. దాటలేదు కూడా.

పక్కన ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే కుర్చీతో సహా కిటికీ వైపు తిరిగిపోయి పోర్టు క్రేన్లు చూస్తూ కూర్చునేవారు. "అయిందేటి?" అని అడిగి, అయిందంటేనే ఇటు తిరిగేవారు. మేం పడీపడీ నవ్వేవాళ్లం. తన పాస్‌వర్డ్ మాత్రం గోడ క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకునేవారు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎవరైనా చూస్తే కొంప మునుగుతుంది గురువుగారూ అంటే, "నా కేలండరు తిప్పి సూసీవోడు ఎవుడున్నాడు బాబూ, నువ్వు తప్ప?" అనేవారు. ఆయనకేమీ తెలియదనీ, నాకంతా తెలుసుననీ అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

మా పనిలో ఒక పద్ధతుంది. మోసగాళ్లు పంపినట్టే మేమే ఒక దొంగ మెయిల్ పంపి, ఎవరు బోల్తా పడతారో చూస్తాం. ఆయన రిటైరవడానికి రెండు నెలల ముందు నేనొకటి తయారు చేశాను. "మీ కుటుంబ ఆరోగ్య కార్డు ఈ రోజుతో రద్దవుతుంది. కొనసాగాలంటే వివరాలు నింపండి." భయపెడితేనే జనం లింకు నొక్కుతారని ఆ ఎర ఎంచుకున్నాను. నొక్కినవాళ్లు చాలామందే. ఫారం మొత్తం నింపింది ఆయనొక్కరే. పాస్‌వర్డ్, భార్య పేరు, ఆవిడకున్న జబ్బు, ఎన్నాళ్లుగా ఎక్కడ చూపిస్తున్నదీ అన్నీ రాశారు.

మర్నాడు మీటింగులో ఆ ఫారాన్ని ఆయన పేరుతో సహా తెర మీద వేశాను. పాస్‌వర్డ్ మీద మాత్రం నల్లగీత పెట్టాను, మహా జాగ్రత్తపరుణ్ణి కదా! "చూశారా, మన పెద్దవాళ్లే ఇలా ఉంటే..." అని నవ్వించాను కూడా. ముందు వరుసలో ఎవరో ఆ జబ్బు పేరు పైకి చదివారు. నవ్వులు ఆగిపోయాయి. ఆయన తెర వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

మూడేళ్లుగా ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని ఆవిడ మాట తీసుకున్నారట. సాయంత్రానికి ఆఫీసంతా తెలిసింది. రెండు రోజుల్లో కంచరపాలెంలో వాళ్ల వీధికీ తెలిసింది. పరామర్శ అంటూ జనం వాళ్ల గుమ్మం తొక్కారు. వారం పోయాక ఆయన నా దగ్గరికొచ్చి, "నొక్కడం నా తప్పే బాబూ, ఒప్పుకుంటన్నాను. గానీ ఆ గీత ఇంకొంచెం కిందికి లాగితే నీ సొమ్మేటి పోయేది?" అన్నారు. కాళ్ల మీద పడాల్సింది. "రూలు ప్రకారమే చేశాను గురువుగారూ" అన్నాను. అలాంటి రూలేదీ లేదు. సిగ్గుమాలిన అబద్ధం.

పెద్దకర్మ అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ టీ తెచ్చిచ్చి కూర్చున్నారు. "ఆపీసులో నా సంగతి బయటెట్టినోడు ఎవుడని సానాసార్లు అడిగినాను బాబూ. పేరు సెప్పనేదు. సిన్నోడు, నువ్వు తిట్టుకుంటే ఆడికి మంచిది కాదు, అన్నారు."

"నేనే అమ్మా" అన్నాను. జరిగిందంతా చెప్పాను. ఇదంతా రాసి పత్రికకు పంపాలనుకుంటున్నాననీ, ఆవిడ వద్దంటే మానేస్తాననీ చెప్పాను.

ఇంటి వెనక పట్టాల మీద గూడ్సు బండి వెళ్తోంది. ఆ చప్పుడులో మాట వినపడదు. ఆఖరి పెట్టె దాటేదాకా ఆవిడ నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నారు.

"రాసుకో" అన్నారు. "ఆయన పేరొద్దు. నా జబ్బు పేరొద్దు. నీ పేరు మాత్రం అందరికీ కనబడీటట్టు రాయి."

నేను ముట్టని టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.