ఒక పక్క వెండి, ఒక పక్క చెక్క

మా మావయ్య పోయి నెల దాటింది. మావయ్య అంటే మా ఆయన నాన్నగారు. నాటక సమాజం తెచ్చే సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాయమని సమాజాన్ని నడిపే మేష్టారు అడిగారు. నేను ఏడో తరగతి దాకానే చదివాను. పెళ్ళయ్యాక పచారీ చీటీ తప్ప ఏమీ రాయలేదు. నా రాత కోడి కెలికినట్టుంటుంది, ఒత్తులు ఎక్కడ పడాలో అక్కడ పడవు. తప్పులు దిద్ది వేస్తామన్నారు కాబట్టి ధైర్యం చేస్తున్నాను. దిద్దగా మిగిలిన వాటికి మీరు నన్ను క్షమించాలి.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిని, పెరట్లో పని చేసుకునే రేకుల పాకలో ఆయన నడుం వాల్చారు. రోజూ అరగంట పడుకుని లేచేవారు. గంటైనా చిత్రిక చప్పుడు వినిపించలేదు. టీ పట్టుకెళ్ళి పిలిచాను. రెండోసారి పిలిచాను. మూడోసారి చెయ్యి పట్టుకున్నాను. మా ఆయన స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తారు, డ్యూటీలో ఫోను దగ్గర ఉండదు. మావయ్య ఫోనులో అన్నిటికంటే పైనున్న నంబరు మేష్టారిది. పరాయి మగవాళ్ళతో ఫోనులో మాట్లాడడం నాకు అదే మొదలు. “మావయ్య లెగట్నేదండి” అన్నాను.

మావయ్య ఫిషింగ్ హార్బర్‌లో చెక్క బోట్లు కట్టే వడ్రంగి. ఫైబర్ బోట్లు వచ్చాక ఆ పని తగ్గింది. అప్పుడు నాటకాల వాళ్ళకు చెక్క కత్తులు చేయడం మొదలుపెట్టారట. నేను కాపురానికి వచ్చేసరికే ఆ పనిలో ఆయనకు పేరుంది. ఆయన దగ్గర కత్తులు రెండు రకాలు. గోడ కత్తి, ఆట కత్తి. గోడ కత్తి హాల్లో అలంకారానికి, ఫొటోలకి. దాన్ని మెత్తటి కర్రతో చేసి, రెండు పక్కలా వెండి రంగు వేసి, పిడికి పూసలు కూడా అతికించేవారు. ఆట కత్తి స్టేజీ మీద నిజంగా కొట్టుకోవడానికి. అది నల్లతుమ్మ. గొడ్డలి పిడులకు వాడే కర్ర. పిడి, కత్తి ఒకే ముక్క, మధ్యలో అతుకు ఉండదు. చెమటకి చెయ్యి జారకుండా పిడికి వలతాడు తడిపి బిగించి చుట్టేవారు. అంచు చిటికెన వేలంత మందంగా, గుండ్రంగా ఉండేది.

ఆట కత్తికి వెండి రంగు ఒక పక్కే వేసేవారు. రెండో పక్క ఉత్త చెక్క, అవిశె నూనె రాసి వదిలేసేవారు.

కొత్త నటులు దీనికి నవ్వేవారు. “ఏటి మావా, సగం రంగు దాసుకుంటన్నావా?” అని ఏడిపించేవారు. “నువ్వు పద్యం సక్కగా పాడు, నీ కత్తి ఏ పక్కుందో ఎవుడూ సూడడు” అనేవారు ఆయన. ఆయన మాట ఒక్కటే. “ఒక పక్క జనానికి, ఒక పక్క ఆడేవోడికి.”

నేను వచ్చిన కొత్తలో ఆయనకు టీ గ్లాసు పాక గుమ్మంలో పెట్టి వెనక్కి వచ్చేసేదాన్ని. మాది విజయనగరం అవతల చిన్న ఊరు. మా ఇంట్లో మగవాళ్ళ ముందు నిలబడి మాట్లాడడం అలవాటు లేదు. అలా రెండు నెలలు గడిచాక ఒకరోజు ఆయన తల ఎత్తకుండానే అడిగారు.

“టీ ఎట్టేసి పారిపోతావేటమ్మా? నానేటి, పులినా?”

నేను కొంగు చివర పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయన ఉప్పుకాగితం ముక్క ఒకటి చింపి, ఒక కత్తితో పాటు నా చేతిలో పెట్టారు. “నోటితో మాటాడకపోతే మాన్లే. సేత్తో మాటాడు. నార ఎటుందో అటే రుద్దు, అడ్డంగా రుద్దీకు.”

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు పాకలోనే గడిచేవి. మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికేవారు. నేను నా చెవి మీద వేలు పెట్టి చూపించేదాన్ని. నా ఉద్యోగంలో సగం అదే అనేవారు.

మొదటి ఏడాదే నేను పెద్ద తప్పు చేశాను. ఒక ఆట కత్తి పిడికి జానెడు పైన చిన్న ముడి కనిపించింది. ఆయనకు శ్రమ తప్పిద్దామని రంపపు పొట్టు జిగురులో కలిపి అందులో నింపాను. ఎండాక రుద్దితే ముడి ఉందని ఎవరూ చెప్పలేరు. నాకు భలే గర్వంగా అనిపించింది. ఆయన కత్తి చేతిలోకి తీసుకుని, బొటనవేలు గోరుతో సరిగ్గా అక్కడే గీకారు. పొట్టు రాలిపడింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన తిట్టలేదు. బల్ల మీద కూర్చోమని, మేష్టారి ఎడమ కంటి కింద ఉన్న మచ్చ సంగతి చెప్పారు.

ఆయన చేసిన మొట్టమొదటి ఆట కత్తులు రెండు పక్కలా వెండి రంగువేనట. నాటకం మధ్యలో ఒకటి విరిగి, పెచ్చు ఎగిరి మేష్టారి కంటి కింద గుచ్చుకుంది. ఇంకాస్త పైన తగిలి ఉంటే కన్ను పోయేది. ఆ కత్తి అంతకు ముందు ఆడిన నాటకంలోనే పగిలింది. రంగు కింద ఉండడం వల్ల ఎవరూ చూడలేదు. “పగులు కర్రకి రోగం కాదమ్మా, కర్ర మనకి సెప్పే మాట. నాను దాని నోటికి రంగు పూసీసినాను” అన్నారు. మేష్టారు ఆయన మీద ఒక్క మాట అనలేదట, ఎవరికీ చెప్పలేదట. అందుకే మావయ్య ఎప్పటికీ మరిచిపోలేకపోయారు.

ఇంకో నియమం కూడా అప్పుడే పెట్టుకున్నారు. పది దెబ్బలు తినకుండా ఏ ఆట కత్తీ మా గుమ్మం దాటకూడదు. జత కత్తులు రెండూ ఒకే దుంగలోవి. ఒకటి తీసుకెళ్ళేవాడి చేతిలో, రెండోది చేసినవాడి చేతిలో. లుంగీ ఎగ్గట్టి, వలతాడుతో కట్టుకున్న కళ్ళద్దాలు పెట్టుకుని, వీధిలో కుర్ర నటులతో ఆయన కత్తియుద్ధం చేస్తుంటే ఇరుగుపొరుగు పనులు మానుకుని చూసేవారు. పదో దెబ్బ కాగానే వెనక్కి తిప్పి చెక్క పక్క చూసుకునేవారు. పగిలితే ఆ జత మొత్తం అప్పుడే పొయ్యిలోకి.

ఆయన పోయేనాటికి సమాజం కొత్త నాటకానికి నాలుగు జతలు అడిగి ఉంది. రెండు జతలు ఆయన పూర్తి చేశారు. మూడో జతకి కర్ర చీల్చి పెట్టారు. నాలుగోదానికి ఒకటి, అది పగిలితే వాడడానికి ఇంకొకటి, రెండు తుమ్మ దుంగలు మాత్రం పాక మూల ఉన్నాయి.

పన్నెండో రోజు అయిన మర్నాడు మా ఆయన పాక తలుపు దగ్గర నిలబడి, “ఫర్నిచర్ షాపోడు వత్తాడు. సామానూ కర్రా అన్నీ ఇచ్చేద్దాం. ఉంచి ఏటి సేత్తాం?” అన్నారు. ఆయన కళ్ళు పాకలోకి చూడడం లేదు. అక్కడికి రావడమే ఆయనకు కష్టంగా ఉందని నాకు తెలుసు.

“నాలుగు జతలూ అయిందాకా సామాను కదపనివ్వనండి” అన్నాను.

“ఎవులు సేత్తారే?”

“నాను.”

పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆయన మాటకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. “నీకు వచ్చునేటి?” అన్నారు. వచ్చో రాదో నాకూ తెలియదు. చిత్రిక అందుకున్నాను.

మూడో జత బాగానే వచ్చింది. నాలుగో జత దగ్గర భయపడ్డాను. మావయ్య కర్రని రంపంతో కోసేవారు కాదు. దుంగ తలలో ఉలిలాంటి లావు ఇనప మేకు పెట్టి గూటంతో కొట్టి చీల్చేవారు. “రంపం మన మాట ఇంటాది. సీలిక కర్ర మాట ఇంటాది” అనేవారు. నేను చీలిస్తే దుంగ ఎటు పోతుందోనని జంకి, గీత గీసుకుని రంపంతో కోశాను. చూడడానికి అన్నిటికంటే అందంగా వచ్చిన జత అదే.

కత్తులు పట్టుకెళ్ళడానికి నాటకంలో వీరుడి వేషం వేసే అతను వచ్చాడు. పోర్టులో ఉద్యోగం, మా ఆయనకు స్నేహితుడు. కత్తులు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సెల్లీ, ఒక మాట. ఈపాలికి రెండు పక్కలా ఎండి కొట్టేయ్. మావయ్య పోయినాడు కదా, ఎవులు తిడతారు? లైట్లు పడితే తళతళలాడిపోవాల.”

“ఏసీయే, పోయేదేటుంది?” అన్నారు మా ఆయన.

నేను నేల చూస్తూ, “ఏయనండి” అన్నాను.

“ఏటి?” అన్నాడు అతను.

“ఏయనన్నయ్యా. ఒక పక్కే. మరి ముందు పది దెబ్బలు కొట్టాల.”

“ఎవులితోటి, బావతోనా?” అని నవ్వాడు.

“నాతోటి.”

అతని నవ్వు ఆగలేదు. నేను లోపలికి వెళ్ళి మావయ్య కళ్ళద్దాలు పెట్టుకుని, కొంగు బిగించి వచ్చేసరికి ఆగింది. వీధిలో ఎదురింటి వాళ్ళు బయటికి వచ్చారు. కత్తి ఎత్తాను. “గట్టిగా కొట్టన్నయ్యా, మెల్లిగా కొడితే నెక్క కాదు” అన్నాను. మొదటి మూడు జతలూ పదేసి దెబ్బలు తిన్నాయి. నాలుగో జత ఏడో దెబ్బకి అతని చేతిలో కత్తి చప్పుడు మారింది. కుండ బీటవారినట్టు వినిపించింది.

అతను వెండి పక్క చూశాడు. “ఇటు ఏటీ నేదు” అన్నాడు.

“అటు సూడన్నయ్యా.”

తిప్పాడు. పిడి దగ్గర నుంచి ఏటవాలుగా వెంట్రుకంత గీత. అతను మళ్ళీ వెండి పక్కకి తిప్పాడు, మళ్ళీ చెక్క పక్కకి తిప్పాడు. మేష్టారి మచ్చ ఎలా వచ్చిందో అప్పుడే తట్టినట్టు, తెలియకుండానే అతని ఎడం చెయ్యి కంటి కిందకి పోయింది.

“నా తప్పే. రంపంతో కోసినాను” అన్నాను. ఆ మాట అందరి ముందూ చెప్పడం కత్తి ఎత్తడం కంటే కష్టమైంది. రెండు కత్తులూ విరిచి పొయ్యి దగ్గర పడేశాను. “ఒకటి బాగానే ఉంది కదే!” అని మా ఆయన వెనకే వచ్చారు. జత అంటే జతే అని చెప్పాను.

ఆ సాయంత్రమే రెండో దుంగ బయటికి తీశాను. అదొక్కటే మిగిలింది. మా ఆయన పిలవకుండానే వచ్చి కాలితో అదిమి పట్టుకున్నారు. పాకలో ఆయన అడుగుపెట్టడం కర్మ అయ్యాక అదే మొదలు. మేకు పెట్టి మొదటి దెబ్బ మెత్తగా కొట్టాను, మేకు పక్కకి పోయింది. “భయపడతా కొడితే కర్రకి తెలిసిపోద్దనీవోడు మా నాన్న” అన్నారు ఆయన. పళ్ళు బిగించి కొట్టాను. మూడో దెబ్బకి దుంగ నిలువునా విచ్చుకుంది. నార కాస్త వంపు తిరిగి ఉంది. నేను గీత గీసి ఉంటే తిన్నగా వచ్చేది. ఆ వంపునే ఉంచి చిత్రిక పట్టాను. రెండు కత్తులూ ఒకే వంపుతో వచ్చాయి.

పది దెబ్బలకి మా ఆయన డ్యూటీ నుంచి వచ్చీ రాగానే, తల మీది హెల్మెట్టు తీయకుండానే ఎదురు నిలబడ్డారు. “ఇదేటండి?” అంటే, “నీతోటి కదా, జాగర్త ఉండాల” అన్నారు. పదీ కొట్టాక కత్తి తిప్పి చెక్క పక్క వేలితో పొడుగునా తడిమారు. చాలాసేపు తడిమారు. తర్వాత, “షాపోడికి రావద్దని సెప్పేసినాన్లే” అన్నారు.

మేష్టారూ, ఒక చిన్న మనవి. హెల్మెట్టు సంగతి అచ్చులో తీసేసి, ఈ కాగితాలు తగలబెట్టేయండి. అది మా ఆయన కంట పడితే బతకనివ్వరు.

ఆ జత నేనే పట్టుకెళ్ళాను. రిహార్సల్ ద్వారకా నగర్‌లో. పాత చీర ముక్కలో కత్తులు చుట్టి సిటీ బస్సు ఎక్కాను. పిడులు బయటికే ఉన్నాయి. కండక్టర్ “ఏటమ్మా అయ్యి?” అని అడిగాడు. “కత్తులండి. నాటకానికి. నానే సేసినాను” అన్నాను. బస్సంతా వినబడింది. పక్క సీటులో హార్బర్ నుంచి చేపల గంప వేసుకొచ్చిన పెద్దావిడ ఉంది. “ఏదీ, ఓ పాలి ఇటియ్యి” అని ఒక కత్తి చీరలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. బరువు చూసింది, వేళ్ళతో నిమిరింది, దిగేదాకా ఇవ్వలేదు. ఆవిడ దిగిపోయాక చూస్తే, నూనె రాసిన చెక్క మీద ఒక చేప పొలుసు అంటుకుని ఉంది. కిటికీలోంచి ఎండ పడినప్పుడల్లా అది మెరుస్తోంది. దాన్ని తుడవకుండానే దిగాను.