వాన లేని వైపర్లు

ఆ రోజుల్లో, హిందీ మాట్లాడే ఊళ్ళో మా తెలుగువాళ్ళుండే కద్మా పేటలో, మనిషి మంచితనం అతని కారులో ఎంతమందిని ఎక్కించుకుంటాడన్న దాన్నిబట్టి తెలిసేదని నా నమ్మకం. ఆ లెక్కన మా తాత మహానుభావుడు. ఆయన పాత కారులో ముందు సీటు సోఫాలా అడ్డంగా ఒకటే. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండడంతో మధ్యలో మరో మనిషికి చోటుండేది (ఆ మనిషి ఎప్పుడూ నేనే). మలుపు తిప్పాలంటే భుజాలు రెండూ పనిచెయ్యాలి. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే, ఆ కారులోనే. ఒక్కసారీ విసుక్కోలేదు, కళ్ళు మాత్రం మూసుకునేవాడు.

ఉద్యోగం వచ్చాక నేనో చిన్న కారు కొన్నాను. ఏసీ ఉంది, బజారు సందుల్లో ఇట్టే దూరిపోతుందన్నారు. షోరూం మనిషి తెచ్చి ఇంటి ముందు పెట్టాడు. బళ్ళకీ పనిముట్లకీ చేసే విశ్వకర్మ పూజ కాకుండా ముట్టుకోవద్దంది అమ్మ. షెడ్డులో ఒక్క కారుకే చోటు కాబట్టి పాతది అమ్మేద్దామని కూడా తేల్చేసింది. తాత ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. చివరికి ఒక షరతు పెట్టాడు: పూజనాడు నేను కొత్త కారుని నిమ్మకాయల మీదుగా తడబడకుండా దాటిస్తే పాతది ఇచ్చేస్తాడు, లేదంటే అది ఇక్కడే ఉంటుంది.

మా ఊళ్ళో ఆ రోజు సైకిలుకి కూడా బొట్టు తప్పదు. అమ్మ ముందు అద్దం మీద కుంకుమతో స్వస్తిక్ దిద్ది, బంతిపూల దండ వేసింది. ఇరుగుపొరుగంతా చేరారు. ఇంజను స్టార్ట్ చేశాను, క్లచ్ నొక్కాను, మొదటి గేరు కోసం స్టీరింగు పక్కనున్న కాడని ధీమాగా నా వైపుకి లాగాను. అది వైపర్లది; ఈ కారులో గేరు కింద, సీట్ల మధ్య ఉంది. నీళ్ళు చిమ్మాయి. వైపర్లు స్వస్తిక్‌ని అద్దమంతా ఎర్రగా పులిమి, దండ తెంపి, ఎదురుగా నిలబడ్డ తాత నెత్తిన పూలు చల్లాయి. గాభరాలో మళ్ళీ అదే లాగాను. నిమ్మకాయలకి మాత్రం ఏమీ కాలేదు.

షరతు ప్రకారం తాత గెలిచాడు. నేను తల దించుకుని దిగాను. ఆయన పూరేకులు దులుపుకుని, నా ఎడమచెయ్యి పట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి పాత కారు తాళం తీసి అమ్మ చేతిలో పెట్టాడు.

"బండి ఎల్తే ఎల్నీరా. నేను నేర్పింది నీ చేతిలోంచి ఎల్నేదు గదా."

అద్దం తుడిచాక, పక్కన కూర్చుని ఆయనే నా చేత నిమ్మకాయలు దాటించాడు (కళ్ళు తెరుచుకునే).

ఇప్పుడు తాత లేడు. మండుటెండలో సిగ్నల్ దగ్గర పరధ్యానంగా ఉంటే నా ఎడమచెయ్యి దానంతటదే స్టీరింగు పక్కకి పోతుంది, వైపర్లు ఆడతాయి. అప్పుడు ఏ చేతిని చూసి సిగ్గుపడ్డానో ఇప్పుడు దాన్నే చూసి సంతోషపడతాను, ఆయనిచ్చింది ఇంకా పాడవలేదని. వానెక్కడ నాన్నా అని మా అమ్మాయి హిందీలో అడుగుతుంది. మీ ముత్తాత గేరు మారుస్తున్నాడు, ఉండు తల్లీ, అంటాను.