ఇరవై రెండు కుర్చీల ఎస్తేరమ్మ

గట్టు మండలంలోని ఒక చిన్న పల్లెకు రెండు నెలలుగా ఎస్తేరమ్మే గొంతు. ఆమె సర్పంచు కాదు, వార్డు సభ్యురాలూ కాదు. ఆమె కుడి బొటనవేలికి గోరు లేదు. కారణం అంతే.

పుణె దగ్గర రోడ్డు పనికి వలస వెళ్లిన కాలంలో వేలి మీద రాయి పడి ఆ గోరు ఊడింది, మళ్లీ మొలవలేదు. మరోచోట ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. విత్తన పత్తి పండించే నేలలో మాత్రం మనిషి విలువ సగం గోటిలోనే ఉంటుంది. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే ఆడ మొగ్గను గోటితో గీరి, రేకులనూ పుప్పొడి తొడుగునూ ఒలిచి, గుర్తుగా ఎర్ర కాగితం ముక్క తగిలిస్తారు. మర్నాటి ఉదయం మగ పువ్వు తెచ్చి దానికి అద్ది, కాగితం తీసేసి, దారం కడతారు. ఈ పనిని అందరూ క్రాసింగ్ అంటారు. ఒక మగ పువ్వు ఐదు మొగ్గలకు సరిపోతుంది. ఉదయం పదకొండు గంటలు దాటితే మొగ్గ వాడిపోతుంది; ఆనాటి పువ్వంతా దండగ.

ఎస్తేరమ్మకు ఇరవై గుంటల విత్తన పత్తి ఉంది. భర్త వెంకటన్న రాయచూరులో వాచ్‌మన్. గోరు లేని మనిషిని కైకిలికి, అంటే కూలికి, ఎవరూ పిలవరు; ఆమె చేనులో పనికి మనుషులను పిలవాలంటే తిరిగి వాళ్ల చేనులో పని చేసి తీర్చాలి. ఉచితంగా ఎవరైనా వస్తామన్నా ఆమె ఒప్పుకోదు. కాబట్టి తన చేతిలో ఉన్నదాన్ని ఇచ్చింది. నోరు.

ఆ నోటి అవసరాన్ని తెచ్చింది నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ఒక స్వచ్ఛంద సంస్థ. పల్లెలో పన్నెండు ‘సముదాయ సంభాషణలు’ పూర్తయితే చేల దగ్గర నీడకు ఒక షెడ్డు వేయిస్తామన్నారు. ఇంటికొకరు చొప్పున ఇరవై రెండు ఇళ్ల నుంచి రావాలి. సమయం ఉదయం పది. ఆ వేళకు ఆడవాళ్లంతా చేలల్లో ఉంటారు. పొరుగింటి కోడలు కృప ఒక పరిష్కారం చెప్పింది.

“చిన్నమ్మా, మా అందరి లెక్క నువ్వు కూసో. నీ చేను మేం చూస్తం.”

అలా మొదలైంది. సంస్థ తరఫున వచ్చే రాఘవేందర్ ఇరవై రెండు ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేయించేవాడు. ఎస్తేరమ్మ ఒక్కతే వచ్చేది. ఎవరి తరఫున మాట్లాడితే వారి కుర్చీలోకి మారి కూర్చునేది, ఎందుకంటే ఆమె దృష్టిలో అబద్ధానికి చోటుండకూడదు. చేతిలో కొయ్య పిట్ట ఉన్నవారే మాట్లాడాలన్నది సంస్థ నియమం. ఆమె ఒక కుర్చీలో మాట ముగించి, పిట్టను పక్క కుర్చీలో పెట్టి, తాను లేచి వెళ్లి అక్కడ కూర్చుని, పిట్టను అందుకునేది.

“మీ జీవిత లక్ష్యం ఏమిటమ్మా?” అని రాఘవేందర్ మొదటి రోజు అడిగాడు.

“ఎవరిది సారు? ఇప్పుడు నేను బాలయ్య ఇంట్ల ఉన్న. వాళ్లకు బోరు పడాలె.” ఆమె లేచి కుర్చీ మారింది. “ఇప్పుడు కృప ఇంట్ల ఉన్న. బోరు బాలయ్య దిక్కు పడితె మా బోరు ఎండుతది. గది జరగనియ్యం.” మళ్లీ వెనక్కి వచ్చింది. “ఏంది, జరగనియ్యరా? మీ తాత జాగనా అది?”

వాదం పెరిగింది. ఎస్తేరమ్మ రెండు కుర్చీల మధ్య పన్నెండుసార్లు తిరిగి, చివరకు ఆయాసపడి ఆగింది. రాఘవేందర్ మంచినీళ్లు ఇచ్చి, ఇరుపక్షాలూ శాంతించాలని కోరాడు. “కష్టం వచ్చినప్పుడు ఎవరి మీద ఆధారపడతారు” అన్న ప్రశ్నకు ఆమె కృప కుర్చీలో కూర్చుని పిట్టను అందుకుంది. తరువాత, “అత్త ప్రేమలత మీద ఆధారపడదామంటె ఆమె వినదు. ఇన్నట్టు జేస్తది,” అంది. రాఘవేందర్ దాన్ని కూడా నమోదు చేసుకున్నాడు.

పదకొండు సమావేశాలు ఇలాగే జరిగాయి. ఆ పదకొండు రోజులూ ఆమె చేనులో ఒక్క మొగ్గ కూడా వాడిపోలేదు. సంస్థ కార్యాలయంలో మాత్రం ఎవరికో అనుమానం వచ్చింది. ఇరవై రెండు అభిప్రాయాల కింద ఒకే బొటనవేలి ముద్ర ఉంది. పన్నెండవ సమావేశానికి అందరూ స్వయంగా రావాలి, ఫోటో దిగాలి, లేదంటే షెడ్డు లేదని కబురు వచ్చింది.

అందరూ పోయి కుర్చీల్లో కూర్చుంటే, సొంత చేలను ఇంట్లో మిగిలినవారు ఒక పూట చూసుకున్నా, ఆ ఉదయం ఎస్తేరమ్మ చేనులో ముందురోజే సిద్ధం చేసిన మొగ్గలన్నీ ఎండిపోతాయి. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, మాట్లాడ్డానికి అందరూ స్వయంగా వస్తే ఇక ఆమె మాటతో ఎవరికి పని? ఇచ్చేందుకు మరేమీ లేదు. క్రాసింగ్ ఇంకా నెల రోజులు మిగిలి ఉంది.

ఆమె ఒక్క పూట ఆలోచించి రాఘవేందర్‌కు ఫోన్ చేసింది. “సారు, మనుషులు అందరూ వస్తరు. కుర్చీలే రావు. నా చేన్ల పెట్టుండ్రి మీటింగు.”

అతడు చేనుకే వచ్చాడు. ఇంకా మాట్లాడనివారికి ఎర్ర చీటీ తగిలించి, మాట్లాడాక తీసేయడం ఆనాటి పద్ధతి. చూపించడానికి తన చొక్కాకూ ఒకటి పిన్ను పెట్టుకున్నాడు. అయితే ఆడవాళ్ల చేతులు ఖాళీగా లేవు, కొయ్య పిట్టను పట్టుకునేవారు లేరు. మగ పువ్వు చేతిలో ఉన్నవారు మాట్లాడాలని ఎస్తేరమ్మ నియమం మార్చింది. ఐదు మొగ్గలు అయ్యేసరికి మాట అయిపోవాలి. పిట్టతో సాగిన ప్రసంగాలకు హద్దు లేదు. పువ్వుతో సాగిన ప్రసంగాలు చక్కగా ముగిశాయి. బాలయ్య భార్య మూడో మొగ్గ దగ్గర బోరు ప్రస్తావన తెచ్చి, ఐదో మొగ్గకు రాజీ పడింది.

ఒకరు మాట్లాడగానే పక్కనున్న ఆమె, అలవాటు ప్రకారం, ఆ మనిషి ఎర్ర చీటీ పీకేసి మణికట్టుకు దారం కట్టింది. ఆ పని ఎవరూ చెప్పలేదు. ఎవరూ ఆశ్చర్యపడలేదు కూడా. పదిన్నరకు ఇరవై రెండు మణికట్లకూ దారాలు పడ్డాయి. రెండు సాళ్లు మిగిలాయి.

అప్పుడు కృప తలెత్తింది. “చిన్నమ్మా, సారు మిగిలిండు.”

సాలులో ఎర్రది కనిపిస్తే వదిలేసి ముందుకు నడవడం ఆ చేతులకు రాదు. అందరూ పని ఆపి అతని చొక్కా వైపు చూశారు. ఎస్తేరమ్మ అతని చేతిలో మగ పువ్వు పెట్టింది.

“మీ జీవిత లక్ష్యం చెప్పుండ్రి సారు.”

రాఘవేందర్ మొదటి మొగ్గకు పువ్వు అద్ది ఆగిపోయాడు. ఆ ప్రశ్నను అతడు మూడు జిల్లాల్లో అడిగాడు; అతణ్ని ఎవరూ అడగలేదు. “నాకు… మార్చికి ఈ ప్రాజెక్టు అయిపోతదమ్మా. అటెన్క ఏ ఊర్ల కుర్చీలేస్తనో…” చెయ్యి రెండో మొగ్గ మీదే నిలిచిపోయింది. వినడానికి ఆగిన ఇరవై రెండు మంది చేతులూ ఆగే ఉన్నాయి. ఎండ చురుక్కుమంది.

“తెల్వకుంటె తెల్వదను సారు,” అంది ఎస్తేరమ్మ. “అని పువ్వు నడిపియ్యి. అవుతల సాలు ఎండుతుంది.”

“తెల్వదమ్మా.”

“ఎవ్వలికి తెల్సు? ఇంకా మూడున్నయ్.”

అతడు మూడూ పూర్తి చేశాడు. కృప చీటీ పీకి దారం కట్టింది. పదకొండుకు ఐదు నిమిషాల ముందు చివరి సాలు ముగిసింది. ఫోటో దిగారు. షెడ్డు మంజూరైంది.

మర్నాటి ఉదయం ఎస్తేరమ్మ ఒక్కతే చేనుకు పోయింది. ఇక ఎవరూ రారని ఆమె లెక్క. చేను నిండా ఎర్ర కాగితాలు. ముందురోజు సాయంత్రమే ఎవరో మొగ్గలన్నీ సిద్ధం చేసి వెళ్లారు. గట్టు మీద కృప ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది.

“ఏమే, మీటింగులు అయిపాయె. మీ పని నేనెట్ల తీర్వాలె?” అని ఎస్తేరమ్మ కోప్పడింది.

“చేను మేం చూస్తం. నువ్వు మా ఇంటికి పో. నిన్న ఐదు మొగ్గలల్ల నా మాట ఒడువలే, సగంలనే ఆగింది. నేను చెప్తె మా అత్త మూతి ముడుస్తది. పదకొండు సార్లు నా లెక్క నువ్వే మంచిగ మాట్లాడినవు.”

ఎస్తేరమ్మ కుర్చీని నెత్తిన పెట్టుకుని వెళ్లింది. ప్రేమలత వాకిలిలో బియ్యం చెరుగుతోంది. ఎదురుగా కుర్చీ వేసుకుని, “ఇప్పుడు నేను కృపను,” అని ఎస్తేరమ్మ అరగంట సేపు మాట్లాడింది. ప్రేమలత చేట ఆపి, చివరిదాకా విన్నది. తరువాత లేచి లోపలికి పోయి, ఇంట్లో ఉన్న ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేసింది.

“ఇప్పుడు గిండ్ల కూసో,” అంది. “నా జవాబు గూడ నువ్వే చెప్పు. రేపు మీ చేనుకు నేనొస్త.”