గడప చెక్కలో కొండ

రెండు వేల ఏడో సంవత్సరం. బళ్ళారి చుట్టుపక్కల ఇనుప మన్ను లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నడిచే రోజులు. పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రం తీసేటప్పటికి ఇటుక రంగుకు తిరిగేది. ఎక్కడ చూసినా కొత్త ఇళ్ళు లేస్తున్నాయి, ఆ ఇళ్ళకు చెక్కుడు తలుపులు కావాలి. మా ఆయన సామ్యేలు వడ్రంగి, మా వసారాలోనే ఆయన పని. నేను మిషనరీ బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. బైబిలు చదువుకోగలను, ఇంగ్లీషు రాదు. అయినా ఆ ఏడు మా ఇంటికొచ్చిన చెక్కుడు మిషను నడిపింది నేనే.

గనుల్లో బాగా సంపాదించిన ఒకాయన దాన్ని సరదాకి విదేశం నుంచి తెప్పించుకున్నాడు. నెల తిరక్కుండానే విసిగి, తలుపుల పని చేస్తున్న మా ఆయనకు అప్పజెప్పాడు. చూడ్డానికి పెద్ద ట్రంకుపెట్టెలా ఉంటుంది. ఒక పక్క చెక్కను దూరిస్తే కింద గరుకు బెల్టులు, పైన రబ్బరు రోలర్లు దాన్ని గట్టిగా పట్టుకుని ముందుకీ వెనక్కీ నడుపుతాయి. మధ్యలో బిట్, అంటే పెన్సిలు ములుకంత కొన ఉన్న ఉక్కు పుల్ల, గిర్రున తిరుగుతూ చెక్కను గీరుతుంది. ఒక గీత గీరి, వెంట్రుకవాసి పక్కకు జరిగి, మళ్ళీ ఇంకో గీత. అలా వేల గీతలు. మూరెడు పలక మీద సన్నటి పని పెడితే పొద్దున మొదలైంది సాయంత్రానికి తేలేది.

మిషనుకు పని చెప్పే కంప్యూటరు మీది ఇంగ్లీషు అక్షరాలు నాకు తెలియవు గానీ, ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ నొక్కాలో ఒకసారి చూస్తే చాలు, మరిచేదాన్ని కాదు. మిగతాదంతా చెవి పని. పప్పు ఉడికే చప్పుడు మారితే చూడకుండానే గరిట పెడతాం కదా, ఇదీ అంతే. వంటింట్లో ఉన్నా నా చెవి వసారాలోనే ఉండేది. ఆ మిషనుకు మన కరెంటు నేరుగా పడదు, కరెంటును తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పక్కన పెట్టాలి. ఇక కోతలు వేరే. కుడతినిలో అంత పెద్ద కరెంటు కార్ఖానా పొగ వదులుతుంటే, మా వీధికి మాత్రం పూటకోసారి కరెంటు పోయేది. మధ్యలో పోయిందంటే మిషను ఎక్కడి దాకా గీరిందో మరిచిపోతుంది. అందుకని పెద్ద పని ఉన్న రోజు షామియానా వాళ్ళ జనరేటరు తెచ్చిపెట్టుకునేవాళ్ళం.

ఒకరోజు పొద్దున్నే ఆటోలో ఒక ముసలామె దిగింది. ఒళ్ళో పాత చీరలో చుట్టిన పొడుగాటి మూట. పేరు హనుమక్క. విప్పి చూపిస్తే గడప చెక్క. రెండు మూరల పొడుగు, జానెడు వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న పాత టేకు. పై ముఖమంతా పసుపు పట్టి నున్నగా మెరుస్తోంది.

"దీంట్లో మా కొండ పెట్టాలప్పా" అంది మా ఆయనతో.

"ఏ కొండ అవ్వా?"

"సండూరు దావలో మా ఊరి మీదుండే కొండ. మన్నుకోసం తవ్వేసినారు. ఊరూ ఖాళీ చేపించినారు. ఇల్లు కూలగొట్టే పొద్దు నేను ఈ గడప మాత్రం పీక్కొస్తి. ఇప్పుడు హగరిలో అద్దె కొంపలో ఉండాం."

"ఫోటో ఉండాదా?"

"ఫోటో యాడిది? మాయన తలకాయలో ఉండాది."

ఆమె భర్త తిప్పయ్య నలభై ఏళ్ళు ఆ కొండ మీద గొర్లు కాశాడట. రెండేళ్ళ కింద చూపు పోయింది. చూపు పోయినప్పటి నుంచి ఆయన అడిగేది ఒకటే, కొండెక్కాలని. ఎక్కడానికి కొండ లేదు. అందుకే గడప మీద చేత్తో తడుముకునేలా కొండను చెక్కించాలని ఆమె ఆలోచన.

"ఒక మాట" అంది వెళ్ళేముందు. "పసుపు పక్క ముట్టుకోవద్దండి. మా అత్త పూసింది, నేను పూసింది, అంతా ఆ పక్కే ఉండాది. కొండను అడుగు పక్క గీరండి."

చూపు లేని మనిషి తలలోని కొండను మిషనులోకి ఎలా దించాలి? దారి ఆ మిషనులోనే ఉంది. దానికి ప్రోబ్ అనే భాగం వేరే ఉంది. బిట్ ఉండే చోట దాన్ని బిగిస్తే, సూది మొన ఒక వస్తువును చుక్క చుక్కగా తాకుతూ ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అని గుర్తు పెట్టుకుంటుంది. దానికి కళ్ళు లేవు, తాకిందే చూపు. కొండను మట్టితో చేసి ఇస్తే అది తడిమి నేర్చుకుంటుందని నేనన్నాను.

మరుసటి వారం తిప్పయ్య తాత వచ్చాడు. పుట్టమన్నే కావాలన్నాడు, ఎండినా పగలదని. మా ఆయన గడప కొలతకు ఒక చెక్క పళ్ళెం చేసి, రెండు వైపులా ఎత్తు పట్టీలు కొట్టాడు. వసారాలో చాప మీద కూర్చుని తాత ఆ పళ్ళెంలో మట్టి పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన చేతులను చూస్తూ నేను పొయ్యి మీది పాలు పొంగబెట్టుకున్నాను.

తాత ఎక్కడా ఆలోచించలేదు. ఒక్కోచోట ఆగి, మోకాలి మీద వేళ్ళతో లెక్క పెట్టుకునేవాడు.

"ఏం లెక్క తాతా?" అనడిగాను.

"దావ లెక్క పాపా. ఈ బండ కాడ్నించి నీళ్ళ సెలమకు మూడు బీడీలు."

"బీడీలా?"

"ఒక బీడీ కాలేలోపల ఎంత దూరం నడుస్తాము, అది ఒక బీడీ. గొర్లు మేస్తా పోతాంటే ఐదు. ఈ పక్క ఏటవాలు, పరిగెత్తితే అర్ధ బీడీ. పడితే అదీ లేదు."

అంత మాట అని నవ్వాడు. తర్వాత ఆయన చెయ్యి ఒక కొండ కొమ్ము మీద ఆగింది.

"మొదలు తీసింది దీన్నే" అన్నాడు. "నాకు ఎవురూ సెప్పలేదులే. ఒకపొద్దు మా ఇంటి వాకిట్లో కూసోనుంటే పడమటి గాలి నేరుగా మొగానికి తగిలె. నా జన్మలో ఆ వాకిట్లో పడమటి గాలి తగిలింది ల్యా. అప్పుడే అనుకుంటి, కొమ్ము పాయె అని."

ఆయన మళ్ళీ మట్టి అందుకున్నాడు.

మూడు రోజులకు కొండ అయింది, ఎండడానికి ఇంకో వారం. మా వైపు కొండలు పొడుగ్గా పడుకున్నట్టుంటాయి కాబట్టి గడప పొడుగు దానికి సరిగ్గా సరిపోయింది. ఎత్తు బొటనవేలి గణుపంతే. రెండు పగళ్ళు ప్రోబ్ దాన్ని తడిమింది. టిక్కు టిక్కుమంటూ ఆ సూది పోతుంటే, చూపు లేనివాళ్ళు ఇద్దరు ఒకరికొకరు దారి చెప్పుకుంటున్నట్టు అనిపించింది. కంప్యూటరులో బూడిద రంగు కొండ లేచాక దాన్ని పక్కకు తిప్పి చూపించాను. మా ఆయన చిన్నప్పటి నుంచి ఆ దారిన బస్సులో పోయినవాడు. చేతిలోని ఉలి కింద పెట్టేశాడు.

"రోడ్డు మీంచి కనపడేది ఇదే గదా" అన్నాడు.

ఇక చెక్కడం. అందులో తప్పు నాదే. మా ఇళ్ళల్లో గడపకు పసుపు పూసే అలవాటు లేదు. శుక్రవారం శుక్రవారం నూనె రాసి, పసుపు పూసి, అరవై ఏళ్ళు అలా చేస్తే ఆ చెక్క ఎంత తాగి ఉంటుందో నాకు తోచలేదు. అడుగు పక్క చెక్కాలి కాబట్టి పసుపు ముఖం కిందికి, బెల్టుల మీదికి పెట్టాను. పెట్టేముందు పొడిబట్టతో తుడిచి, అరచెయ్యి ఆనించి చూశాను. పొడిగానే ఉంది. సరేనని మొదలుపెట్టాను.

మూడు గంటలు బాగానే నడిచింది. నేను చపాతీలు వత్తుతున్నాను. చప్పుడులో ఏదో చిన్నగా తడబడింది, మాట మధ్యలో మనిషి గుటక వేసినట్టు. పిండి చేతులతోనే పరిగెత్తి ఆపేశాను. మూత తీసి చూస్తే కొండ నడుం దగ్గర తెగి ఉంది. సగం వరకు దిగిన వాగు ఒక వేలెడు పక్కకు జరిగి మళ్ళీ మొదలైంది. చెక్క బయటికి తీస్తే బెల్టులు పచ్చగా ఉన్నాయి. మిషను వేడికి ఆ టేకులోంచి నూనె ఊరింది. బెల్టులకు పట్టు తప్పి చెక్క జారింది. మిషనుకు ఆ సంగతి తెలియదు, తన లెక్కన తాను గీరుకుంటూ పోయింది.

పలక పాడైతే ఇంకో పలక పెడతాం. ఇలాంటి గడపను ఎక్కడి నుంచి తెస్తాం?

"థిన్నరు పోసి పసుపు పక్క గీకేస్తే పట్టు దొరుకుతుంది" అన్నాడు మా ఆయన.

"అది ఒప్పుకున్నది కాదు గదా" అన్నాను.

"మరి ఏం జేద్దామంటావు? జనరేటరుకు ప్రార్థన జేద్దామా?"

ఆయన కోపంలో అన్నా నాకు నవ్వు రాలేదు. మరునాడు హగరి బస్సెక్కాను. హనుమక్క రేకుల గుడిసె ముందు జొన్నలు చెరుగుతోంది. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. చేట పక్కన పెట్టి ఒకటే అడిగింది.

"పసుపు పక్కకు ఏమన్నా ఆయెనా?"

"లేదవ్వా. అట్లే ఉండాది."

"అయితే ఇంకేంది? మళ్ళా గీరు."

"అంగుళం మందం చిత్రిక పట్టి మళ్ళీ మొదలుపెట్టొచ్చు అవ్వా. కానీ ఇంకొకసారి తప్పితే చెక్కలో చోటు లేదు. పసుపు పక్క ఒక్కటే మిగులుతుంది."

ఆమె మళ్ళీ చేట అందుకుంది. "నువ్వు అంత దూరం వచ్చి సెప్పితివి గదా పాపా" అంది. "సెప్పకుండా అతికించి ఇచ్చింటే మాకేం తెలుస్తాది? నువ్వే గీరు." తర్వాత లోపలికి చూసి గొంతు తగ్గించింది. "ఆయనకు సేతులు వొణుకుతాండాయి ఈ మధ్య. జాగు సేయొద్దు."

నాలుగు రోజులు నాకు వేరే ధ్యాస లేదు. పసుపు ఉండాలి, బెల్టులకు నూనె తగలకూడదు. ఐదో రోజు వసారా ఊడుస్తుంటే, కొండను దించేసి గోడకు ఆనించిన మట్టి పళ్ళెం చీపురుకు అడ్డొచ్చింది. దాన్ని పక్కకు జరుపుతూ ఆగిపోయాను. రెండు పగళ్ళు మిషనులో తిరిగిన మట్టి ఒక్క ఇసుక రవ్వంత కూడా జరగలేదు. ఎందుకంటే బెల్టులు పట్టుకున్నది మట్టిని కాదు, పళ్ళేన్ని. గడపను కూడా పళ్ళెంలో పడుకోబెడితే సరి. పైన రోలర్లు పక్క పట్టీల మీద నడుస్తాయి, కింద బెల్టులు పళ్ళెం అడుగును పట్టుకుంటాయి. గడప ఒళ్ళో పిల్లలా కదలకుండా ఉంటుంది. ఇలాంటి పళ్ళేన్ని ఈ పనిలో స్లెడ్ అంటారని చాలా ఏళ్ళ తర్వాత విన్నాను.

మా ఆయన తప్పిన ముఖాన్ని చిత్రిక పట్టి చదును చేశాడు. పాత పళ్ళెం పట్టీలను కొత్త మందానికి సరిచేసి, గడపను అందులో నాలుగు వైపులా చెక్క చీలికలతో బిగించాడు. పొద్దున ప్రార్థన కాగానే జనరేటరు వేసి మిషను మొదలుపెట్టాను. ఆ రోజు వంట చెయ్యలేదు, హోటలు నుంచి ఇడ్లీలు తెచ్చుకున్నాం. స్టూలు వేసుకుని మిషను పక్కనే కూర్చున్నాను. మొదట కొండ కాళ్ళు, తర్వాత తాత చెప్పిన బండ, మధ్యాహ్నానికి నీళ్ళ చెలమ, ఆపైన కొమ్ము. పొట్టులోంచి ఒక్కొక్కటీ పైకి తేలుతోంది. అక్కడ లారీలు కొండను తీసుకుపోతుంటే ఇక్కడ నా కళ్ళముందు, నా మోకాళ్ళంత ఎత్తులో, అదే కొండ లేస్తోంది. చెక్కేది మిషనే, తిప్పేది జనరేటరే. కానీ అందులో ఉన్నది నలభై ఏళ్ళ నడక. దీపాలు పెట్టే వేళకు బిట్ ఆగింది. నేను లేచి నిలబడ్డానని మా ఆయన చెబితే గానీ నాకు తెలియలేదు.

గడపను మేమే ఆటోలో హగరికి తీసుకుపోయాం. తిప్పయ్య తాత గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్ళో పెట్టగానే ముందు కింది పక్కకు చెయ్యి పోనిచ్చి పసుపు తడిమాడు. తర్వాత పైకి వచ్చాడు. వేళ్ళు వణుకుతూ వచ్చి, కొండ తగిలాక నిదానించాయి. బండ, చెలమ, కొమ్ము. పెదాలు కదులుతున్నాయి. ఒకచోట ఆగి "ఈ దిన్నె నేనే ఎక్కువ ఎత్తు పెడితిని. మీ తప్పు కాదు" అన్నాడు.

తర్వాత భార్యను పిలిచాడు.

"ఏమ్మే, ఇట్రా. సెయ్యియ్యి."

హనుమక్క పక్కన కూర్చుని చెయ్యి ఇచ్చింది. ఆయన ఆమె చూపుడువేలు పట్టుకుని కొండ కింద పెట్టాడు.

"ఇది ఊరు. ఇట్ల పోతే బండ. నువ్వు సద్ది తెచ్చి ఈడనే ఆగిపోతాంటివి."

"ఆడోళ్ళు ఆ పైకి పోరు గదా" అంది ఆమె.

"ఇప్పుడు రా."

వేలిని మెల్లగా పైకి నడిపించాడు. చెలమ దాటించాడు. కొమ్ము దగ్గర ఆమె వేలు ఆగితే, "ఊపిరి పీల్చుకో" అన్నాడు, నిజంగానే ఎక్కుతున్నట్టు. ఆమె నవ్వబోయి ఆగిపోయింది. శిఖరం దాటించి అవతలి పల్లంలోకి దించాడు.

"నలభై ఏండ్లు అడిగితివి గదా, ఆ పక్క ఏముండాదని. ఇదో, ఇది సూడు."

కళ్ళున్న ఆమె కళ్ళు మూసుకుని చూసింది. మేమిద్దరం చెప్పులు చేత పట్టుకుని చప్పుడు కాకుండా బయటికి వచ్చేశాం.

ఆ తర్వాత పదేళ్ళు ఆ మిషను నడిపాను. ఎన్నో తలుపులు, మా చర్చికి ప్రసంగ పీఠం, దేవుడి మందిరాలు. ఎవరు చెక్క తెచ్చినా, ఏ బొమ్మ కావాలని అడగడానికి ముందు, ఈ చెక్క ఇన్నాళ్ళూ ఏం పని చేసిందని అడగడం నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. పని పూర్తయ్యాక లైటు కింద పెట్టి చూసి మురిసిపోను. కళ్ళు మూసుకుని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వేలితో నడుస్తాను. వేలికి దారి దొరికితేనే ఆ పని మా ఇల్లు దాటుతుంది.