పార్కులో కలుపు తీసిన రోజు

తుంగగడ్డను గోటితో గిల్లితే ఆయుర్వేద మందుల కొట్టు వాసన వస్తుంది. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఓ పార్కులో మొక్కల పని చూసుకోవడం నా ఉద్యోగం. వాన పడిన నాలుగు రోజులకు పచ్చికలో తుంగ లేస్తుంది. పనివాళ్ళతోపాటు నేనూ ఓ గడ్డ తవ్వి వాసన చూస్తాను. చూసిన ప్రతిసారీ సుగుణ టీచరుగారు గుర్తొస్తారు. నిజానికి ఆవిడ కుండీలో గులాబీని కూడా బతికించుకోలేని మనిషి. అయినా నాకు ఈ పని నేర్పింది ఆవిడే అంటాను.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. టీచరుగారు మా బడిలో లెక్కలు చెప్పేవారు, ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేవారు. మిరపకోతలు, పత్తితీతలు అయిపోయిన ఓ వేసవిలో, కూలికి వెళ్ళే ఆడవాళ్ళను పదిమందిని పోగేసి విశాఖపట్నం బయల్దేరదీశారు. పార్కులో ఊరికే కూర్చోవాలి, సముద్రం చూడాలి, ఆ ఒక్కరోజూ ఎవరూ ఏ పనీ ముట్టుకోకూడదు. అదీ ఆవిడ పెట్టిన షరతు. అందరికంటే గట్టిగా ఒప్పుకున్నది మా అమ్మ కాంతమ్మే. అమ్మతో పదకొండేళ్ళ నేనూ వెళ్ళాను.

పొద్దున రైలు దిగి, పార్కులో పచ్చిక మీద పులిహోర పొట్లాలు విప్పుకుని తిన్నాం. నేను ఉయ్యాల దగ్గరకు పరిగెత్తాను. మంచి గౌన్లు వేసుకున్న ఇద్దరమ్మాయిలు నాతో మాట కలిపారు కూడా. అంతలో వెనక ఏదో గొడవ. తిరిగి చూస్తే మా అమ్మ గొంతుక్కూర్చుని ఎండుపుల్లతో కలుపు తీస్తోంది. మరో నలుగురు ఆమె పక్కన వరస కట్టారు, అచ్చం మిరపచేలో ఉన్నట్టే. పచ్చికలో తుంగను చూసి చెయ్యి ఊరుకోలేదట. తోటమాలి మీదికొచ్చేశాడు.

“ఏటమ్మా అది? గడ్డి పీకేత్తన్నారేటి? లెగండి ముందు.”

ఉయ్యాల దగ్గర పిల్లలు నవ్వారు. వాళ్ళు మీవాళ్ళా అని ఒకమ్మాయి అడిగింది. కాదన్నాను. అని, చెట్టు చాటుకు వెళ్ళిపోయాను. ఇన్నేళ్ళయినా ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

టీచరుగారు తోటమాలితో పోట్లాడలేదు. అమ్మ పక్కనున్న కుప్పను చూడమన్నారంతే. అంతా తుంగే, ప్రతి మొక్కా కింద గడ్డతో సహా వచ్చింది. పచ్చికలో ఒక్క పోచా తెగలేదు. పైపైన కోస్తే మళ్ళీ లేస్తుందని అమ్మ బెరుగ్గా చెప్పింది. అతను కుప్పను కదిపి చూసి, చేతిలో కొడవలి పక్కన పెట్టి, పుల్ల ఎలా దించాలో అడుగుతూ కూర్చున్నాడు. షరతు పెట్టిన మనిషి కూడా చీర కుచ్చిళ్ళు దోపుకుని కూర్చుని, ఒక గడ్డ తీయబోయి తెంపేసి, అమ్మ చేత చివాట్లు తిన్నారు. ఆ తరవాత నా దగ్గరకొచ్చారు. తిడతారనుకున్నాను.

“మీ అమ్మ తప్పు చేసుంటే దూరంగానే నిలబడమ్మా, నేనేం అనను. చెయ్యలేదుగా. పోయి పక్కన కూర్చో.”

వెళ్ళాను. అమ్మ సంచి జరిపి చోటిచ్చింది. ఉయ్యాల ఊగావా అని మాత్రం అడిగింది. సాయంత్రం అలల్లో నిలబడినంతసేపూ నేను ఆమె చెయ్యి వదల్లేదు. టీచరుగారు నా సంగతి అమ్మకు చెప్పకుండా కాపాడారని ఎన్నో ఏళ్ళు అనుకున్నాను.

నిరుడు ఆవిడ పోయారు. సమాధుల తోట నుంచి తిరిగొస్తూ, దాచుకున్నది అమ్మకు నేనే చెప్పబోయాను. అమ్మ మధ్యలోనే ఆపేసింది.

“నువ్వు చెట్టు చాటుకి పోవటం నేను చూశాలేవే. లేచి రాబోతే టీచరుగారే ఆపారు. నువ్వు కూర్చో కాంతమ్మా, పిల్లే వచ్చిద్ది అన్నారు.”

రోడ్డు పక్కనే నిలబడి ఏడ్చాను. నేను చెట్టు చాటున ఉండగానే, నేను వస్తానని ఆవిడ నా తరఫున మాటిచ్చేశారు. అంత నమ్మకం నా మీద అంతకుముందు ఎవరూ పెట్టుకోలేదు.

ఇప్పుడు మా పార్కులో ఎవరైనా పచ్చిక మీద వంగి ఏదో పీకుతుంటే దూరం నుంచి కేక వెయ్యను. దగ్గరకెళ్ళి, ముందు పక్కన కూర్చుంటాను.