కారుకి బొట్టు పెట్టిన రోజు

బాపట్ల వెళ్ళే రోడ్డు మీద నిక్షేపంలాంటి ఒక కారు ప్రాణం తీసిన ఘనత ఈ చేతులదే. ఇన్నేళ్ళూ ఆ నేరాన్ని ఒక గేదె మీదికి నెట్టుకుంటూ వచ్చాను. గేదె అడ్డం వచ్చిందనీ, నోరు లేని జీవాన్ని కాపాడబోయి ఇంజనును బలి ఇచ్చాననీ చెప్పుకున్నాను. వినేవాళ్ళను బట్టి గేదెల సంఖ్య పెరిగేది. ఒక పెళ్ళి భోజనాల్లో మంద దాకా వెళ్ళింది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, గేదె లేదు. ఉన్నదల్లా ఒక ఎర్ర దీపం, ఒక బొట్టు బిళ్ళ, నా నోరు.

ఎనభైల్లో సంగతి. తెనాలిలో నాకు ఎరువుల కొట్టు ఉండేది. మా వీధి డాక్టరుగారు ఏడాది వాడిన చిన్న కారును కొనుక్కున్నాను. నేను దాన్ని బయటికి తీస్తే తెనాలి తెనాలంతా అరుగుల మీదికి వచ్చి నిలబడేది. సరే, మా వీధి. సరే, ఎదురింటి రిటైర్డు తహసీల్దారుగారు ఒక్కరే. ఆయనైనా కారు చూడ్డానికి కాదు, నేను ఆయన గేటును గుద్దుతానేమోనని. నేను చెప్పే లెక్కల్లో పదో వంతు పట్టుకోండి, సరిపోతుంది.

కారు గురించి నాకు తెలియనిది లేదని నేనే ప్రచారం చేసుకున్నాను. నిజానికి మొదటి వారమంతా చేతి బ్రేకు దించకుండానే తిప్పాను. ముందు ఒక ఎర్ర దీపం వెలుగుతుంటే బండి ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తనుకున్నాను. మాడిన కంపు కొడుతుంటే, కొత్త కారు వాసన అలాగే ఉంటుందని మా ఆవిడ సుశీలకు నచ్చజెప్పాను.

సుశీల చెల్లెలు కమలది రేపల్లె. బీయస్సీ, బీఈడీ చదివి, నాలుగేళ్ళుగా వాళ్ళమ్మ కుట్టు మిషను మీద ఊరివాళ్ళ జాకెట్లు కుడుతోంది. ఆ పిల్ల దరఖాస్తు పెట్టని బడి లేదు. చివరికి బాపట్లలో ఒక మిషన్ హైస్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. సైన్సు టీచరు పోస్టు ఒక్కటే, పదకొండు గంటలకు కమిటీ కూర్చుంటుంది, రావలసింది అని.

"ఇది కూడా పోతే ఇంక నేను జాకెట్లకే అంకితం అక్కా" అంది కమల, ముందు రోజు రేపల్లె పాసింజరు దిగి మా ఇంటికి వస్తూనే. పొద్దున్నే బాపట్లకి రైలెక్కుతానంది.

"రైలేంటి? ఇంట్లో కారుండగా నా మరదలు రైల్లో వేలాడుతూ వెళ్తే నా పరువేం కావాలి?"

"మీ పరువుకేం గానీ బావగారూ, రైలైతే టైముకి వెళ్తుందండి."

"పదిన్నరకి బాపట్లలో దించి, కాఫీ తాగించి మరీ లోపలికి పంపుతాను. సరేనా?"

సుశీల నన్ను పక్కకి పిలిచి, "దాని బతుకండీ. మీ వేషాలు రేపు వద్దు" అంది. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు తొమ్మిదింటికి బయల్దేరాం. రోడ్డుకి రెండు పక్కలా కోసిన వరి పనలు, వాటి మీద ఇంకా ఆరని మంచు. కమల పక్క సీట్లో సర్టిఫికెట్ల ఫైలును పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను గంటకు తొంభై కిలోమీటర్ల వేగంతో... సరే, నలభై. ఊరు దాటి పావుగంటయిందో లేదో, కమల ముందుకి వంగింది.

"బావగారూ, అక్కడేదో ఎర్రగా వెలుగుతోందండి."

చూశాను. ముక్కున్న చెంబులాంటి బొమ్మ. ముక్కు చివర ఒక చుక్క.

"అదా! నీళ్ళ చెంబు. బండికి దాహమేస్తోంది. పొన్నూరులో పోద్దాం."

"చెంబుకి అంత సన్నటి ముక్కుంటుందాండీ? అచ్చం అమ్మ మిషను నూనె డబ్బాలా ఉంది."

"కుట్టు మిషనుకీ కారుకీ పోలికేంటమ్మా! అదంటే కాలితో తొక్కేది, ఇదీ..." ఇదీ కాలితో తొక్కేదేనని గుర్తొచ్చి ఆగిపోయాను.

కమల ముందున్న అర తెరిచింది. డాక్టరుగారు అట్ట కూడా నలగకుండా దాచిన కారు పుస్తకం బయటపడింది. "ఇందులో ఉంటుందేమో, చూడనా?"

"పుస్తకం చూసి నడపడానికి ఇదేమన్నా పరీక్షా? అక్కడ పెట్టేసి నీ సైన్సేదో చదువుకో."

పొన్నూరులో ఒక రైస్ మిల్లు ముందు ఆపి, లోపల బకెట్టు నీళ్ళు అడిగి తెచ్చాను. గుడ్డతో రేడియేటరు మూత తీస్తే నీళ్ళు నిండుగానే ఉన్నాయి. అయినా పోశాను. పోసిందంతా పొంగి నా చెప్పుల మీదికి వచ్చింది. బండి తీశాను. దీపం వెలుగుతూనే ఉంది.

"ఆరలేదండి."

"తాగిన నీళ్ళు కడుపులోకి దిగొద్దూ?"

రెండు మైళ్ళు వెళ్ళాక, "దిగాయాండీ?" మరో మైలు తర్వాత, "ఇంకా దిగలేదాండీ?"

నాకు తిక్క పుట్టింది. ఇక్కడ మా ఆవిడ అలవాటు ఒకటి మీకు చెప్పాలి. అద్దం కనబడితే చాలు, నుదుటి మీది బొట్టు బిళ్ళ తీసి దానికి అంటించేది. బీరువా అద్దం, స్నానాల గది అద్దం అయిపోయి, కారు అద్దం మీదికి కూడా వచ్చింది. ఆ అద్దం మీదున్న పెద్ద కుంకుమ రంగు బిళ్ళను గోటితో ఊడదీసి, తెచ్చి దీపం మీద అంటించాను. సరిగ్గా సరిపోయింది.

"ఇప్పుడు వెలుగుతోందా?"

"లేదండి."

"చూశావా? బాగుపడింది."

కమల ఫైలును రెండు చేతులా గట్టిగా పట్టుకుని కిటికీ వైపు తిరిగింది. దాన్ని నేను గౌరవం అనుకున్నాను.

కాసేపటికి రోట్లో గులకరాళ్ళు పోసి దంచినట్టు చప్పుడు మొదలైంది. రోడ్డు బాగోలేదన్నాను. చప్పుడు పెరిగింది. మునిసిపాలిటీని తిట్టాను, అక్కడ మునిసిపాలిటీ లేదని తెలిసి కూడా. తర్వాత ఇంజను కీచుమని ఒక్క కేక పెట్టి బిగుసుకుపోయింది. పక్కకి దొర్లించి ఆపాను. పొలాల అవతల కూత పెట్టుకుంటూ బాపట్ల వైపు రైలొకటి పోయింది. మేమిద్దరం అటు చూడనట్టు నటించాం.

కమల కారు పుస్తకం తీసి, వేలితో వెతికి, తెలుగులో చెప్పింది. "ఇది ఇంజను ఆయిలు దీపం. వెలిగితే వెంటనే ఆపి ఆయిలు చూసుకోవాలి. ఆయిలు పోశాక కూడా వెలుగుతుంటే అసలు నడపకూడదు."

"ఆపాం కదా!"

"మీరు ఆపలేదు బావగారూ. అదే ఆగింది."

ఆ మాటంటూనే వాచీ చూసుకుంది. పది దాటి ఇరవై నిమిషాలు. నాలుగేళ్ళ ఎదురుచూపు ఆ ఫైలులో ఉంది. దాని మీద టప్పున ఒక కన్నీటి చుక్క పడింది. జీవితంలో మొదటిసారి నాకు చెప్పడానికి ఏ కథా దొరకలేదు.

అప్పుడొచ్చింది ధాన్యం బస్తాల ట్రాక్టరు. తోలుతున్నాయన తలగుడ్డ విప్పి చెమట తుడుచుకుంటూ దిగాడు. కారు కింద కారిన నల్లటి మరక చూశాడు. లోపలికి తొంగి చూశాడు.

"ఇదేంటండీ, కారుకి బొట్టెట్టారు?"

బిళ్ళ ఊడదీశాడు. దీపం ఎర్రగా, నిక్షేపంగా వెలుగుతోంది.

"ఆయిలు లేదని పాపం అది మొత్తుకుంటంటే కళ్ళు మూసేశారాండీ?"

"ఇదంతా తర్వాత బాబాయ్! పదకొండింటికి బాపట్లలో నాకు ఇంటర్వ్యూ ఉంది" అంది కమల.

"అయితే ఎక్కమ్మా! అయ్యగారూ, మీరు స్టీరింగు పట్టుకుని కూచోండి. తాడేస్తాను."

అలా ప్రవేశించాం బాపట్లలోకి. ముందు ట్రాక్టరు, దాని మడ్డుగార్డు మీద ఫైలు పట్టుకుని కమల, జడ నిండా పొట్టు. వెనక తాడుకి కట్టిన కారులో నేను. వెయ్యిమంది చూశారు. సరే, నూరుమంది. అందులో నవ్వని వాళ్ళు లేరు, ఇది మాత్రం నిజం లెక్క.

బడి ఆవరణలోకి ఊరేగింపు వెళ్ళేసరికి పదకొండు దాటి పది నిమిషాలు. కమిటీ పెద్దలు వరండాలోకి వచ్చి నిలబడ్డారు. కమలను లోపలికి పిలిచారు, నేను కిటికీ పక్కన చేరి విన్నాను.

"ఇంత ఆలస్యమేంటమ్మా?" అన్నారు హెడ్‌మాస్టరుగారు.

కమల దాచకుండా చెప్పింది. లోపల ఎవరో దగ్గినట్టు నవ్వారు.

"సరే, ఆ ఇంజను ఎందుకు బిగుసుకుందో పిల్లలకి చెప్పినట్టు చెప్పు."

సుద్దముక్క తీసుకుంది. ఇనుము మీద ఇనుము ఎలా జారుతుందో, మధ్యలో పల్చటి నూనె పొర ఏం చేస్తుందో, అది లేకపోతే రాపిడికి వేడెక్కి, ఉబ్బి, ఒకదాన్నొకటి ఎలా కరుచుకుంటాయో బొమ్మ గీసి చెప్పింది. జాకెట్లు కుట్టే పిల్లకి నూనె విలువ వేరే ఎవరు చెప్పాలి? రెండో ప్రశ్న ఎవరూ వేయలేదు.

బయటికి వచ్చి, "ఇచ్చారండి!" అంది.

"చూశావా? రైల్లో పంపి ఉంటే..."

ఆ చూపు చూసి మిగతా వాక్యం మింగేశాను. ఇంజను మాత్రం నెలన్నర షెడ్డులో పడుంది.

పదేళ్ళు గడిచాయి. వేరే కారులో కమలను చూడ్డానికి బాపట్ల వెళ్తుంటే, ఊరి మొదట్లో అదే చెంబు వెలిగింది. క్షమించాలి, నూనె డబ్బా. తక్షణం ఆపి, ఎదురుగా ఉన్న షెడ్డులోంచి మెకానిక్కును పిలిచాను. అతను ఆయిలు పుల్ల లాగి చూసి మెచ్చుకున్నాడు.

"వెలగ్గానే ఆపారు, మంచి పని చేశారండి. మా సైన్సు మేడంగారు రాపిడి పాఠం చెప్పినప్పుడల్లా చెప్పేవారు. ఎవరో ఒకాయన, దీపం వెలిగితే దాని మీద బొట్టు బిళ్ళ అంటించాడంట. ఇక్కడ చదివినోళ్ళందరికీ తెలుసండి ఆ కథ."

గొంతు సవరించుకున్నాను. "అందులో గేదె ఏమన్నా ఉందా?"

"గేదేంటండీ? లేదండి."

"పోనీలే. తర్వాత ఆయన ఏమయ్యాడంట?"

"ఇంకా బండి నడుపుతూనే ఉన్నాడంటండి. తెనాలి వైపు వెళ్తే కాస్త చూసుకుని వెళ్ళమన్నారు మేడం."

ఆ కార్లు రెండూ ఇప్పుడు లేవు. సుశీల అంటించిన బిళ్ళలు బీరువా అద్దం మీద మాత్రం అలాగే ఉన్నాయి, తుడవనివ్వను.

వాటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎర్ర దీపం వెలిగితే బండి పక్కకి తీస్తాను, ఇంజను ఆపుతాను, పుస్తకం తెరుస్తాను. కుట్టు మిషను తెలిసినవాళ్ళ మాట వింటాను. ఏ దీపం మీదా బొట్టు బిళ్ళ అంటించను. ఏ పాపమూ ఎరగని గేదెను ఇకమీద ఈ గొడవలోకి లాగను.

సరే, మరీ పెద్ద పెళ్ళి భోజనమైతే, ఒక్క గేదె.